జీరో వేస్ట్ కటింగ్ పిల్లలకి ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఫ్యాషన్ డిజైన్ రెండో ఏడాది వాళ్లకి చెబుతున్నానండీ. బ్లాక్ (ఒంటి కొలతల మూల నమూనా) గీసి, డార్ట్ (ఒంటికి అమరేలా కుట్టే మడత) తిప్పడం బాగానే వచ్చింది, కానీ ముక్క మిగలకుండా కత్తిరించమంటే అందరూ గోనెసంచి లాంటి డ్రెస్సే తెస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: కలీదార్ కుర్తాతో, అంటే పక్కల్లో కలీలనే ఏటవాలు ముక్కలు అతికిన కుర్తాతో మొదలుపెట్టండి. పొడవాటి ముక్కని ఐమూలగా కోస్తే రెండు కలీలు వస్తాయి, చంక కింద చిన్న చదరపు ముక్క, అంతే, మెడ దగ్గర తప్ప దాదాపు ఏమీ పోదు. మన దగ్గరే ఇంత చక్కటి పాఠం ఉంటే నేరుగా జపాన్ కిమోనోకి వెళ్లిపోతారెందుకో నాకర్థం కాదు. కిమోనో కూడా చూపించండి, సుమారు 35 సెంటీమీటర్ల పన్నా (బట్ట వెడల్పు) లోంచే మొత్తం వస్తుంది.

జవాబు: ముందు బట్ట పన్నా కొలిపించండి. పన్నా తెలియకుండా కాగితం మీద గీసిందంతా వృథానే. ఖరీదైన బట్ట వద్దు, కోరా గుడ్డ మీద సగం సైజులో చేయిస్తే భయం లేకుండా కోస్తారు. ఆ తర్వాత బ్రిటిష్ డిజైనర్ జూలియన్ రాబర్ట్స్ సబ్‌ట్రాక్షన్ కటింగ్ చెప్పండి, అందులో డ్రెస్ బయటి ఆకారం కాకుండా ఒళ్లు దూరే ఖాళీలని కోస్తారు, గోనెసంచి సమస్య అక్కడే చాలావరకు తీరుతుంది.

జవాబు: గ్రేడింగ్ (అదే నమూనాని వేరే సైజులకి మార్చడం) కూడా చేయించండి మేడమ్. ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒక సైజు పెంచితే లేఅవుట్ మొత్తం మారిపోతుంది, ఫ్యాక్టరీలు వెనకాడేది ఇందుకే.

ప్రశ్న అడిగినవారు: చాలా థ్యాంక్సండీ. సోమవారం కలీదార్, సగం సైజులో.