నాలుగేళ్ల పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ట్రాక్టరు తోలవచ్చా?

ప్రశ్న: విజయవాడ తల్లి

మేము విజయవాడలో ఉంటాము. మా అత్తగారి ఊరు తెనాలికి దగ్గర. వేసవి సెలవుల్లో బాబును తీసుకుని ఏటా అక్కడికి వెళ్తాము. వాడికి మొన్ననే నాలుగేళ్లు నిండాయి. మా మామయ్యగారికి మూడెకరాల నిమ్మతోట ఉంది. వరసల మధ్య కలుపు పోవడానికి ఆయన చిన్న ట్రాక్టరు వెనక రోటవేటరు (గిరగిరా తిరిగే కత్తులతో మట్టిని తిరగేసే పరికరం) తగిలించి స్వయంగా తోలుకుంటారు. ఈసారి తొలకరి జల్లు పడిన మర్నాడు ఆయన బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని, స్టీరింగు వాడి చేతికిచ్చి, నాలుగు వరసలు దున్నుకొచ్చారు. నేను గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాను. నిమ్మకొమ్మ వచ్చినప్పుడల్లా ఆయన ఒక చేత్తో వాడి తల వంచుతున్నారు, ఆ క్షణంలో స్టీరింగు మీద మిగిలేది వాడి చేతులే.

ఆ రాత్రి భోజనాల దగ్గర నెమ్మదిగా కదిపాను. బండి మొదటి గేరులోనే ఉందని, నలభై ఏళ్లుగా తోలుతున్న చేతులివని, మా వారిని, మా మరిదిని కూడా ఇలాగే పెంచానని ఆయన అన్నారు. దానికి తోడు అమెరికాలో ఉన్న మా మరిది, తన మూడేళ్ల కూతుర్ని ఒళ్లో పెట్టుకుని గడ్డి కోసే బండి నడుపుతున్న వీడియోను ఆ వారమే పంపాడు. "అన్ని జాగ్రత్తలు తీసుకునే దేశంలోనే లేని భయం మనకెందుకమ్మా?" అని మామయ్యగారు నవ్వేశారు. మా వారు తల దించుకుని పెరుగన్నం కలుపుకున్నారు.

నా భయం అతి అయితే అలాగే చెప్పండి, మానుకుంటాను. కాకపోతే, ఆయన మనసు నొచ్చుకోకుండా ఏ మాట చెబితే వింటారో కూడా చెప్పగలరు.

సమాధానం: పాత మెకానిక్, గుంటూరు

అమ్మా, నేను ఇరవై ఆరేళ్లుగా ట్రాక్టర్లు, రోటవేటర్లు బాగుచేస్తున్నాను. మీ భయం అతి కాదు. అయితే మీ మామయ్యగారి చేతుల్లో నేర్పు లేదని కూడా నేను అనను. ఇక్కడ నేర్పుకు పని తక్కువ.

మొదటి గేరులో బండి గంటకు 3 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాము. అది నడక కన్నా నెమ్మదే, కానీ సెకనుకు 80 సెంటీమీటర్ల పైమాటే. ఒళ్లోంచి జారిన పిల్లవాడు పడేది దూరంగా కాదు, వెనక చక్రానికి సరిగ్గా ముందు. పడ్డాడని కళ్లు గ్రహించి, కాలు క్లచ్చు మీదికి వెళ్లడానికి ఎంత అనుభవం ఉన్నవాడికైనా ఒక సెకను పడుతుంది. చక్రం వాణ్ని చేరడానికి కూడా అంతే పడుతుంది.

చక్రం తప్పితే వెనక రోటవేటరు ఉంది. ఇంజను నుంచి దానికి శక్తి అందించే పీటీవో ఇరుసు మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. గేరుపెట్టె దాన్ని తగ్గించాక కూడా కత్తులున్న రోటరు నిమిషానికి సుమారు 200 చుట్లు తిరుగుతుంది. రెండంచెల క్లచ్చు ఉన్న బండ్లలో పెడలు సగం తొక్కితే బండి ఆగుతుంది గాని రోటవేటరు ఆగదు. అది ఆగాలంటే పూర్తిగా తొక్కాలి, తొక్కాక కూడా వేగం చచ్చేదాకా కత్తులు తిరుగుతూనే ఉంటాయి. కంగారులో మనిషి ఎంతవరకు తొక్కుతాడో నేను చెప్పనక్కరలేదు. పైగా ఒళ్లో పిల్లవాడున్నప్పుడు ఆయన మోకాళ్లు స్వేచ్ఛగా కదలవు, చేతి మీటలు పిల్లవాడి కాళ్లకు అందుతాయి. రోటవేటరును ఎత్తి దించే మీటను వాడు తన్నినా ఆశ్చర్యం లేదు.

వీటన్నిటి కన్నా నన్ను కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. ప్రమాదం ఎక్కించిన రోజున జరగకపోవచ్చు. ఒకసారి తాతయ్య ఒళ్లో ఎక్కిన పిల్లవాడికి ఆ బండి భయపెట్టే యంత్రం కాదు, బొమ్మ. మర్నాడు బండి చప్పుడు వినపడగానే, తనను ఎక్కించుకుంటారన్న ఆశతో వాడే ఎదురు పరుగెత్తుకొస్తాడు. వరస చివర వెనక్కి తిప్పుకుంటున్న మనిషికి వెనక నిలబడిన నాలుగేళ్ల పిల్లవాడు కనపడడు. ఇంజను హోరులో వాడి పిలుపు కూడా వినపడదు. మా దగ్గరికి మరమ్మతుకు వచ్చిన బండ్ల వెంట ఇటువంటి కథలు రెండు మూడు వచ్చాయి. రెంటిలో పిల్లలు అంతకు ముందు ఆ బండి ఎక్కి తిరిగినవాళ్లే. మీ మామయ్యగారికి వేరే ఏదీ చెప్పకపోయినా ఈ ఒక్క మాట చెప్పండి. తన ఒళ్లోంచి మనవడు జారతాడంటే ఆయన ఒప్పుకోకపోవచ్చు, తన వెనక నిలబడతాడంటే మాత్రం ఆలోచిస్తారు.

ఊరికి వెళ్లినప్పుడు పీటీవో ఇరుసు మీద ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో కూడా చూడండి. మా దగ్గరికి వచ్చే పాత బండ్లలో చాలావాటికి అది ఉండదు. పంచె కొసో చున్నీ కొసో చిక్కుకుంటే లాక్కోవడానికి వ్యవధి ఉండదు.

సమాధానం: ఒహాయో తెలుగువాడు

మీ మరిదిగారి వీడియో గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే నాకూ ఇక్కడ అరెకరం పచ్చిక, గడ్డి కోసే బండి ఉన్నాయి. అమెరికాలో అందరూ నియమాలు పాటిస్తారనుకోవడం పొరపాటు. ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని గడ్డి కోసే తండ్రులు మా వీధిలోనే ఉన్నారు. ఏటా వేల మంది పిల్లలు ఈ యంత్రాల వల్ల గాయపడి ఆసుపత్రులకు వస్తున్నారు. ఆ కారణంగానే ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ఈ బండి మీద పిల్లల్ని తోడుగా ఎక్కించుకోవద్దని స్పష్టంగా చెబుతుంది. నెట్టుకుంటూ నడిపే యంత్రానికి 12 ఏళ్లు, కూర్చుని నడిపే బండికి 16 ఏళ్లు నిండాలంటుంది. ఆరేళ్ల లోపు పిల్లలు గడ్డి కోస్తున్నంతసేపూ ఇంట్లోనే ఉండాలంటుంది.

ఈ బండి చూడడానికి బొమ్మలా ఉంటుంది గాని, కింద బల్లపరుపుగా తిరిగే కత్తి అంచు వేగానికి ఇక్కడి ప్రమాణం పెట్టిన హద్దే నిమిషానికి 19,000 అడుగులు, అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. గులకరాయి తగిలితే అది తూటాలా బయటికి వస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది, దీన్ని మీ మరిదిగారు ఆలోచించి ఉండరు. సీటు కింద ఒక స్విచ్చు ఉంటుంది. నడిపే మనిషి లేచినా పడిపోయినా అది కత్తిని ఆపేస్తుంది. ఒళ్లోంచి పిల్ల జారిపడినప్పుడు తండ్రి సీటులోనే ఉంటాడు. బరువు ఇంకా ఉంది కాబట్టి స్విచ్చు ఏమీ చేయదు. కాపాడడానికి పెట్టిన ఏర్పాటు కాపాడవలసిన పిల్లను గుర్తించలేదు. ఈ ఒక్క ముక్క ఆయనకు పంపండి, ఆయన ఇంజనీరైతే వెంటనే అర్థమవుతుంది.

సమాధానం: పొన్నూరు రైతు

అందరూ ఒకే మాట అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలనిపించింది. మా చిన్నప్పుడు ఎద్దులు లాగే గుంటక మీద బరువు కోసం మమ్మల్నే కూర్చోబెట్టేవారు. పొలం అంటే ఏమిటో నేను అక్కడే నేర్చుకున్నాను. ఈనాటి పిల్లలకు మట్టి వాసనే తెలియదు. సెలవుల్లో వారం రోజులు వచ్చిన మనవణ్ని "దగ్గరికి రావద్దు" అని తరిమితే, పెద్దయ్యాక వాడు ఈ తోట అమ్మి అపార్ట్‌మెంటు కొనుక్కుంటాడు. ఆ పెద్దాయన వాణ్ని ఒళ్లోకి తీసుకున్నది సరదాకు మాత్రమే కాదు, ఆయన దగ్గర ఉన్నది వాడికి చూపించడానికి. కోడలుగారు ఆ మాట గుర్తుపెట్టుకుని మాట్లాడాలి.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. "హో" అంటే ఎద్దు ఆగేది. కాలి కింద పిల్లవాడు పడితే తనంతట తానే అడుగు పక్కకు వేసేది. ఇనుముకు ఆ జ్ఞానం లేదు. వరి పొలంలో నీళ్లు పెట్టి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు చక్రాలు ఊబిలో దిగబడి, ముందు భాగం లేచి, బండి వెనక్కి తిరగబడడం నేను కళ్లారా చూశాను. రెప్ప వేసి తెరిచేలోగా అయిపోయింది. ఆ బండి మీద రెండో మనిషి లేడు, అదొక్కటే అదృష్టం.

సమాధానం: క్యాజువాలిటీ సిస్టర్, గుంటూరు

పొన్నూరు అన్నగారు చెప్పినదానితో నాకు పేచీ లేదు. తోట చూపించండి, నిమ్మకాయలు కోయించండి, నీళ్లు కట్టేటప్పుడు మడవ మార్చడం చూపించండి. కాని దున్నుతున్న యంత్రం మీదికి వద్దు. రోటవేటరు గాయం కత్తితో కోసుకున్న గాయం లాంటిది కాదు. కండ నలిగిపోయి, మట్టి, ఎరువు, గడ్డి లోపలికి చొచ్చుకుపోతాయి. ఒక్క ఆపరేషనుతో అది తేలదు, రోజు మార్చి రోజు థియేటరుకు తీసుకెళ్లి శుభ్రం చేస్తూనే ఉండాలి. పాదమో వేళ్లో తెగినా, అంచు నలిగిపోయి ఉంటుంది కాబట్టి చాలాసార్లు తిరిగి అతకడానికి వీలుపడదు. నాలుగేళ్ల పిల్లవాడి ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. పెరిగే భాగం దెబ్బతింటే ఒక కాలు పొట్టిదై, పదేళ్లపాటు ఆపరేషన్లు సాగుతాయి.

ఎవరికైనా అటువంటిది జరిగితే ముందు ఇంజను ఆపి, శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమిపట్టి 108కి ఫోను చేయాలి. తెగిన భాగాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచి తీసుకురావాలి. నేరుగా ఐసు మీద పెడితే అది చెడిపోతుంది. పసుపు, కాఫీ పొడి గాయంలో పోసి తీసుకొచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అవి కడగడానికే మాకు అరగంట పోతుంది.

సమాధానం: పాత మెకానిక్, గుంటూరు

మరిచిపోయిన సంగతి ఒకటి చెబుతాను, పెద్దలు కొందరు కాగితానికి విలువిస్తారు. ట్రాక్టరు ఆర్‌సీలో సీట్ల సంఖ్య దగ్గర 1 అని ఉంటుంది. ట్రాక్టరు మీద డ్రైవరు రెండో మనిషిని ఎక్కించకూడదని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే రాశారు. రోడ్డు మీద ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది ఆ 1 గురించే. తోటలో పోలీసు ఉండడు, నిజమే, కాని ఆ 1 అన్న అంకె బండి తయారుచేసినవాళ్లు పెట్టినది.

ప్రశ్న అడిగిన విజయవాడ తల్లి

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మామయ్యగారితో మాట్లాడాను. జారిపడడం గురించి ఏమీ అనలేదు. "మామయ్యగారూ, వాడికి బండి అలవాటైపోయింది. మీరు వెనక్కి తిప్పుతున్నప్పుడు వాడు పరుగెత్తుకొస్తే మీకు కనపడతాడా?" అని మాత్రం అడిగాను. ఆయన కాసేపు జవాబివ్వలేదు. తర్వాత మా అత్తయ్యగారే అందుకుని, మొన్న మధ్యాహ్నం బండి చప్పుడు వినగానే బాబు అన్నం వదిలేసి చెప్పులు కూడా లేకుండా తోటవైపు పరుగెత్తాడని, గేటు దగ్గర తాను పట్టుకున్నానని చెప్పారు. ఆ సంగతి నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

ఇవాళ ఉదయం మామయ్యగారు వాణ్ని బండి ఎక్కించారు. ఇంజను ఆపి ఉంది, రోటవేటరు నేల మీద దించి ఉంది, తాళంచెవి అత్తయ్యగారి నడుముకు ఉంది. వాడు స్టీరింగు తిప్పుతూ నోటితోనే చప్పుడు చేసుకుంటూ గంటసేపు తోలాడు. ఆయన పక్కన నిలబడి ఏ మీట ఏం చేస్తుందో చెప్పారు. పొన్నూరు అన్నగారు అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. దున్నే వేళల్లో గేటుకు గొళ్లెం వేయాలని, వాడు ఇంట్లో ఎవరి దగ్గర ఉన్నాడో ఫోనులో అడిగాకే ఇంజను వేయాలని అనుకున్నాము.

పీటీవో ఇరుసు మీద తొడుగు లేదు. విరిగిపోయి రెండేళ్లయిందట, ముక్క పశువుల కొట్టంలో పడి ఉంది. తెనాలిలో దొరుకుతుందేమో కనుక్కుంటానని మా వారు ఉదయాన్నే వెళ్లారు. సీటు స్విచ్చు సంగతి మా మరిదికి పంపాను. చూసినట్టు రెండు నీలం గీతలు వచ్చాయి గాని, జవాబు ఇంకా రాలేదు.