పావుర స్వరమా, గువ్వ స్వరమా?

కాలువగట్టు: ఒక వాక్యం పట్టుకుని వదలడం లేదు. డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ ఆటలకు రేడియో వ్యాఖ్యానం చెప్పిన ఎర్నీ హార్వెల్ ఏటా వసంతంలో తొలి ప్రసారాన్ని బైబిల్లోని పరమగీతం రెండో అధ్యాయంతో మొదలుపెట్టేవారు కదా, "చలికాలము గడిచిపోయెను" అనే చోటు. దాని చివర తెలుగులో "గువ్వ స్వరము" అనే జ్ఞాపకం. తీసి చూస్తే "పావుర స్వరము మన దేశములో వినబడుచున్నది" అని ఉంది. ఏ ముద్రణలోనైనా "గువ్వ" ఉందా?

పిట్టలదొర: అచ్చులో పావురమే. అయినా మీ చెవి సరిగ్గానే విన్నది. హీబ్రూ మూలంలో ఉన్న మాట 'తోర్'. లేవీయకాండం 1:14లో దాన్నే "తెల్ల గువ్వ" అన్నారు, కీర్తన 74:19లో వట్టి "గువ్వ" అన్నారు. 'యోనా' అయితే పావురం. ఇక్కడ తోర్‌ని పావురం చేయడంతో అసలు సంగతే పోయింది. తోర్ వలసపిట్ట. చలికాలం ఆఫ్రికాలో గడిపి వసంతానికి ఆ దేశం చేరుతుంది. దాని కూత వినబడిందంటే రుతువు మారినట్టే. గూళ్లలో, గోపురాల్లో ఏడాది పొడుగునా ఉండే పావురం కూస్తే రుతువు సంగతి ఏం తెలుస్తుంది? యిర్మీయా 8:7 చూడండి, "తాము రావలసిన కాలమును" ఎరిగిన పిట్టల్లో తెల్ల గువ్వ ఉంది, పావురం లేదు.

సీతాఫలం: దొరగారూ, కీర్తన 55:6 మరిచారు. "గువ్వవలె నాకు రెక్కలున్నయెడల" అన్నచోట మూలం యోనాయే. యెషయా 38:14లో "గువ్వవలె మూల్గితిని" కూడా యోనాయే. కాబట్టి తోర్‌కి గువ్వ, యోనాకి పావురం అన్న గీత అనువాదకులు ఎక్కడా గీసుకోలేదు. నా లెక్క వేరు. ఇదే అధ్యాయంలో రెండు వచనాలు దిగితే ప్రియురాలిని "నా పావురమా" అని పిలుస్తాడు. అక్కడి పిలుపు ఇక్కడి కూతను లాక్కుంది.

పిట్టలదొర: ఆ రెండు చోట్లా మూలుగు, రెక్కలు. కాలం ప్రసక్తి లేదు. కాలం చెప్పేచోట మాత్రం గువ్వే కావాలి.

కందం: మీరిద్దరూ పిట్టను పట్టుకున్నారు, నాకు 'పు' కావాలి. లేవీయకాండంలో "పావురపు పిల్లలు", ఇక్కడ "పావుర స్వరము". సింగపుకొదమ అన్నట్టు "పావురపు స్వరము" అనాలి గదా. పు ఎక్కడికి పోయింది? విడిగా అచ్చువేశారు కాబట్టి సమాసం కాదంటారా? సమాసమే అయితే 'స్వ' ముందున్న 'ర' గురువా, లఘువా? పావురము తద్భవం, స్వరము తత్సమం. మిశ్రసమాసంలో ఆ 'ర'ని ఊది పలకనక్కర్లేదని నా అభిప్రాయం. "పావుర" అంటే ఒక గురువు, రెండు లఘువులు, భగణం, "గువ్వల" అన్నా భగణమే. అందుకే కాలువగట్టుగారి చెవిలో ఒకటి మరొకటిగా మారి ఉంటుంది.

సీతాఫలం: వచనానికి గణాలు కట్టడం ఎందుకండీ?

కందం: రేడియోలో చదివేవాడికి వచనమైనా లయ కావాలి కనుక. హార్వెల్ చదివింది 1611 నాటి ఆంగ్ల పాఠం. అందులో ఈ పిట్ట పేరు "టర్టిల్". వినేవాళ్లలో చాలామందికి తాబేలే తట్టి ఉంటుంది. ఆ మాట లాటిన్ "టుర్టుర్" నుంచి వచ్చింది, తాబేలు అర్థం తరవాత వచ్చి చేరింది. టుర్టుర్, తోర్, మన గువ్వ, మూడూ పిట్ట గొంతులోంచే పుట్టాయి. "పావురము"లో ఆ గొంతు లేదు, అది పారావతం అరిగి వచ్చిన మాట.

పిట్టలదొర: సంతోషం, మీరూ గువ్వవైపే వచ్చారు. ఇంకొకటి. మనవైపు మెడమీద చుక్కలున్న గువ్వను పొడ బెళ్ళగువ్వ అంటారు. ఈ 'బెళ్ళ'ను కన్నడంలో తెలుపుతో కలిపి చూస్తాను. బైబిలు "తెల్ల గువ్వ" ఈ బెళ్ళగువ్వకే తెలుగు చేత అని నా ఊహ. తోర్ పిట్ట తెల్లనిది కాదు, వీపు ఇటుకరంగు. "తెల్ల" మరెక్కడినుంచి వస్తుంది?

సీతాఫలం: కన్నడంలో గువ్వకే "బెళవ" అని పేరుంది. అప్పుడు బెళ్ళగువ్వ అంటే గువ్వగువ్వ. తెలుపు అక్కర్లేదు.

రేగడి: పిట్ట సరే, వాన సంగతి ఎవరూ ఎత్తలేదు. "వర్షకాలము తీరిపోయెను వర్షమిక రాదు" అని తెలుగువాడు చదివితే ఆషాఢం, శ్రావణం తలపుకొస్తాయి. చలికాలం పోయాక వర్షకాలం పోవడమేమిటని ఆగుతాడు. ఆ దేశంలో వానలు పడేదే చలికాలంలో, రెండూ ఒకటే. బేస్‌బాల్‌కి ఈ ముక్క ఎంత అతికిందో చూడండి. వానకు ఆట ఆగుతుంది. హార్వెల్ కాలంలో అయిదు ఇన్నింగ్స్ నిండకముందే వదిలేస్తే మామూలుగా ఆ ఆట లెక్కకు వచ్చేది కాదు, సొంత మైదానపు జట్టు ముందుంటే నాలుగున్నర చాలేది. మైదానం మీద పట్టా పరిచినంతసేపూ రేడియోలో మాట నడపాల్సింది వ్యాఖ్యాతే. అలాంటివాడి నోట "వర్షమిక రాదు" అంటే దీవెన. పైగా చదివేది ఫ్లోరిడాలోని లేక్‌లాండ్ శిక్షణ శిబిరం నుంచి. అక్కడ పూలు పూసి ఉంటాయి, వినేవాళ్ల వాకిట్లో మిషిగన్ మంచు ఇంకా కరగదు.

కాలువగట్టు: హార్వెల్ మరో మాట కూడా తెలుగు చేయాలని ఉంది. మూడో స్ట్రైక్‌కి బ్యాట్ కదపకుండా ఉండిపోయి అవుటైన ఆటగాణ్ని "దారిపక్క ఇల్లులా నిలబడ్డాడు" అనేవారు. స్థాణువులా అందామా?

కందం: స్థాణువు దివ్యంగా ఉంది. మోడు, స్తంభం, శివుడు, అన్నీ కదలనివే.

రేగడి: కుదరదండీ. స్థాణువులో నిశ్చేష్టత ఉంది, బెదురుంది. ఆ పలుకు శాం వాల్టర్ ఫాస్ పద్యంలోది. దానికి వేరు గ్రీకు కావ్యం ఇలియడ్ ఆరో సర్గలోని అక్సిలస్, దారిపక్క ఇల్లు కట్టుకుని వచ్చిపోయేవారందరికీ ఆతిథ్యమిచ్చినవాడు. బంతి బాటసారి, బ్యాటర్ ఇల్లు. ఇల్లు బెదరలేదు, పోనిచ్చింది. అవుటైనవాణ్ని కించపరచని మాట అది. "వీధరుగులా ఉండిపోయాడు" అనండి. అరుగు కట్టేదే దారిన పోయేవాళ్ల కోసం.

సీతాఫలం: అరుగు మీద బాటసారి కూర్చుంటాడు. ఇక్కడ బంతి కూర్చోలేదు, క్యాచర్ చేతిలోకి పోయింది.

కందం: గువ్వ అనుకుంటూ గువ్వలచెన్నణ్ణి వదిలేస్తే పాపం. "చెడనిది పద్యం బొకటియె" అన్నాడు. గుడి కూలుతుంది, నుయ్యి పూడుతుంది, చెరువు తెగుతుంది. డెట్రాయిట్లో మిషిగన్, ట్రంబుల్ వీధుల మూలనున్న టైగర్ స్టేడియంలో 1999 సెప్టెంబర్ 27న ఆఖరి ఆట, తరవాత దాన్ని కూల్చేశారు. డబ్ల్యూజేఆర్ 760 రేడియో కేంద్రంలో హార్వెల్ చదివిన వాక్యం ఇంకా నోళ్లలో ఉంది. 1960 నుంచి 2002 దాకా, మధ్యలో 1992 ఒక్కటి మినహా, 42 సీజన్లు ఆ జట్టుకే చెప్పాడు.

పిట్టలదొర: "గువ్వలచెన్నా" అనే ఆ శతక మకుటంలో "గువ్వల" పిట్టేనంటారా? కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఉంది. ఊరిపేరు ఇంటిపేరై ఉండొచ్చు.

కందం: ఊరికి ఆ పేరు దేనివల్ల వచ్చిందంటారు మరి?

కాలువగట్టు: ముద్రణ సంగతి అలాగే ఉండిపోయింది. పరమగీతం పాత అచ్చు ఎవరి దగ్గరైనా ఉంటే 2:12 ఒక్కటి చూసి చెప్పండి.

కందం: చూసేవారు 'పు' ఉందో లేదో కూడా చూడండి.