కౌంటీ జైలు: జోనింగ్ నిరాకరించాక సిటీ కౌన్సిల్ చేతిలో ఇంకేం మిగులుతుంది?

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మన్రో కౌంటీ (మన జిల్లా లాంటిది) కొత్త జైలు కోసం అడిగిన 87 ఎకరాల జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడవచ్చో చెప్పే నిబంధన) మార్పును బ్లూమింగ్టన్ సిటీ కౌన్సిల్ 2022 డిసెంబరులో ఏకగ్రీవంగా తిరస్కరించింది. అయితే జైలు నడిపేది షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి), డబ్బు మంజూరు చేసేది కౌంటీ కౌన్సిల్. నగరానికి ఉన్న పట్టల్లా స్థలం మీదే. కౌంటీ నగరం హద్దు దాటి స్థలం చూసుకుంటే అదీ పోతుంది.

అసలు చిక్కు కొత్త జైలుకు ఎన్ని పడకలు కావాలన్న లెక్కలో ఉంది. ఏడాది బుకింగులను (జైల్లో చేర్చుకున్న సందర్భాలను) సగటు నిర్బంధ రోజులతో హెచ్చించి 365తో భాగిస్తే రోజువారీ సగటు ఖైదీల సంఖ్య వస్తుంది. ఉదాహరణకు 3,000 బుకింగులు, 30 రోజులు అయితే 247. రోజులు 24కి తగ్గితే 197. అంటే కేసులు త్వరగా తేలితే చాలు, 50 పడకలు మిగిలినట్టే. ఆడవాళ్లను, మగవాళ్లను, వేర్వేరు భద్రతా స్థాయిలవాళ్లను విడిగా ఉంచాలి కాబట్టి 15 శాతం దాకా ఖాళీ అడగడం సబబే. దానిపైన జనాభా పెరుగుదలనూ కలిపితేనే అంకె ఉబ్బుతుంది.

అమెరికా స్థానిక పాలన తెలిసినవాళ్లు చెప్పండి: విచారణ ఖైదీల సగటు రోజులు విడిగా కావాలంటే రికార్డుల అభ్యర్థన షెరీఫ్‌కు పెట్టాలా, కోర్టు క్లర్కుకా? సిటీ తీర్మానంలో ఆ లెక్కను షరతుగా పెట్టించవచ్చా?