ట్యూషన్ చాలుతుందా, స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలా?

కరీంనగర్ అమ్మ:
మా బాబుకి ఎనిమిదేళ్లు నిండాయి, మూడో తరగతి. కథ చెబితే పొల్లు పోకుండా తిరిగి చెప్తాడు. క్యారమ్స్‌లో వాళ్ల తాతయ్యని ఓడిస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం కడుపునొప్పి అంటాడు. 'పడవ'ని 'వడప' అని చదువుతాడు, ఒత్తు కనబడితే అక్కడే ఆగిపోతాడు. ఇంగ్లిష్ డిక్టేషన్ ఉన్న రోజు ఇంట్లో యుద్ధమే. రెండు ట్యూషన్లు మార్చాం. మొన్న సైకాలజిస్టు డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అని చెప్పి, వారానికి మూడు రోజులు స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకి ప్రత్యేక పద్ధతిలో నేర్పే టీచర్) దగ్గరికి పంపమన్నారు. మా ఆయన "అదీ ఇంకో ట్యూషనేగా, పెద్దయితే అదే వస్తుంది" అంటున్నారు. నిజంగా తేడా ఉంటుందా?

ఇద్దరు పిల్లల నాన్న:
ఉంటుందండీ. నేనూ మీ ఆయనలాగే మాట్లాడి మా పాపకి ఏడాది పోగొట్టాను. ట్యూషన్‌లో స్కూల్లో చెప్పిందే ఇంకో పదిసార్లు చెప్తారు. స్పెషల్ ఎడ్యుకేటర్ అసలు క్లాసు పుస్తకమే ముట్టుకోలేదు. మొదటి నెలంతా చెవులతోనే పని. పదంలో ఎన్ని ధ్వనులున్నాయి, మొదటిది తీసేస్తే ఏం మిగులుతుంది, ఇలా. నేను ఇంట్లో ఉత్సాహంగా 'కమలం'లో 'క' తీసేయమన్నాను. పిల్లలిద్దరూ గంటసేపు నవ్వారు. ఆ తర్వాత ఒక్కో అక్షరాన్ని ఇసుక పళ్లెంలో వేలితో రాస్తూ, పైకి పలుకుతూ నేర్పారు. 1930ల్లో అమెరికాలో మొదలైన ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి అట. ఆరు నెలలకి కడుపునొప్పి పోయింది. మార్కులు పెరగడానికి ఇంకా ఎక్కువ టైమ్ పట్టింది, అది కూడా ముందే తెలుసుకోండి.

స్పెషల్ టీచర్‌ని:
ఒత్తుల సంగతి చెప్తాను. 'గుర్తు' అని రాసి చూడండి. కొమ్ము 'ర'కి తగిలించి ఉంటుంది, కింద 'త' ఒత్తు. పలికేటప్పుడు ఆ 'ఉ' 'త' తర్వాత వస్తుంది. పిల్లాడు 'గురుత' అన్నాడంటే తన కంటికి కనబడిన వరుసలో చదివాడన్నమాట. బద్ధకం అనుకుని తిట్టకండి. నేను హల్లు నీలం, ఒత్తు ఎరుపు, గుణింతం గుర్తు ఆకుపచ్చ రంగులో రాయిస్తాను. 'ప', 'వ' ఒకే వారంలో నేర్పను. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. ఇంకో విషయం, తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి కొందరు పిల్లలు తప్పులు పెద్దగా లేకుండా, కూడబలుక్కుంటూ చాలా నెమ్మదిగా చదువుతారు. "తెలుగు వస్తోందిగా" అని పెద్దవాళ్లు వదిలేస్తారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ దగ్గర బయటపడుతుంది.

డల్లాస్ పిన్ని:
ఇక్కడ మా అక్క కొడుకు చదవలేకపోతుంటే, ఇంట్లో తెలుగు మానేయమని ఒక టీచర్ సలహా ఇచ్చింది. మానేశారు కూడా! రెండు భాషల వల్ల డిస్‌లెక్సియా రాదు. పిల్లాడికి అమ్మమ్మతో మాటలు పోయాయి, అంతే. అమెరికాలో ఉన్నవాళ్లు పబ్లిక్ స్కూల్‌కి ఎవాల్యుయేషన్ (పిల్లాడి ఇబ్బందేంటో తేల్చే పరీక్ష) కావాలని రాతపూర్వకంగా అడగండి. స్కూల్ ఒప్పుకుని చేస్తే దానికి డబ్బు తీసుకోకూడదు.

పదో తరగతి తల్లి:
డిస్‌లెక్సియా ఉందని సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లాడి మీద ముద్ర పడుతుందని మా అత్తగారు గొడవ చేశారు. తీసుకున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇదీ ఉంది. మాది సీబీఎస్‌ఈ. మూడు గంటల పేపర్‌కి గంట అదనం, అవసరమైతే స్క్రైబ్ (పిల్లాడు చెప్తుంటే రాసిపెట్టే మనిషి) కూడా. మా వాడికి స్క్రైబ్ అక్కర్లేదు, ఆ గంట చాలు. ఇంకొకటి. ఒకచోట కంటి వ్యాయామాలు, రంగు అద్దాలు కలిపి ప్యాకేజీ అన్నారు, డబ్బు కట్టి వచ్చాం. వాటితో డిస్‌లెక్సియా తగ్గుతుందనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్లు, కంటి డాక్టర్లు 2009లోనే కలిసి ప్రకటించారని తర్వాత తెలిసింది. చూపు, వినికిడి పరీక్షలు మాత్రం తప్పకుండా చేయించండి. చేతిరాత కోసం ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, చేతి పనులు సరిగా చేయడానికి ఇచ్చే శిక్షణ) కూడా, పెన్సిల్ పట్టు సరిగా లేకపోతేనే.

కరీంనగర్ అమ్మ:
అందరికీ థాంక్సండీ. రాత్రి 'గుర్తు' రాసి చూపించాను. 'గురుత' అన్నాడు. మూడు రంగుల్లో రాశాక రెండోసారి ఆగి, ఆగి, సరిగ్గా చదివాడు. మా ఆయన పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు గానీ, సోమవారం క్లాసు ఎన్నింటికని అడిగారు.