మా ఊరి బడికి తనిఖీ: చెప్పి రావాలా, చెప్పకుండా రావాలా?

వేగావతి గట్టు
మాది బొబ్బిలి దగ్గర చిన్న పల్లె. బడిలో 17 మంది పిల్లలు, ఒక్కరే టీచరు. అదే ఆవరణలో అంగన్వాడీ, అక్కడ 11 మంది. మొన్న మంగళవారం పొద్దున్నే మండల విద్యాధికారి, అంగన్వాడీ సూపర్‌వైజరు ఒకేసారి వచ్చారు. ముందు కబురు లేదు. నేను తల్లిదండ్రుల కమిటీలో ఉన్నాను కాబట్టి పొలం నుంచి పరిగెత్తుకుంటూ వెళ్లాను.

రెండో తరగతి గుంటడికి బొమ్మ చూపించి ఇవేంటని అడిగారు. వాడు "చోళ్లు" అన్నాడు. "రాగులు అనాలి" అన్నారు. వాడు తలొంచుకున్నాడు. మంగళవారం కదా, అప్పుడే రాగిజావ తాగొచ్చాడు, పై పెదవి మీద జావ చార ఇంకా ఆరలేదు. విజిటర్స్ పుస్తకంలో మాత్రం "పిల్లలకు రోజూ వాడే మాటలు కూడా రావు" అని రాసి వెళ్లారు.

అంగన్వాడీలో పిల్లల్ని తూచారు. మూడేళ్ల పాప పేరు ఎదురుగా పుస్తకంలో 11.2 కిలోలు ఉంది. కాటా 10.4 చూపించింది. టీచరమ్మ ముఖం వాడిపోయింది.

నేనడిగేది ఒకటే. ఒక రోజు ముందు చెప్పి వస్తే తప్పేంటి?

గెడ్డ అవతల
అన్నా, చెప్పి వస్తే దాన్ని తనిఖీ అనరు, పేరంటం అంటారు. నేను మూడో తరగతిలో ఉండగా మా ఊరికి అధికారి వస్తున్నాడని తెలిసి పక్కూరి పిల్లల్ని తెచ్చి మా మధ్య కూర్చోబెట్టారు. నా చొక్కా ఇంకొకడికి తొడిగి, నన్ను వెనక వరసలో దాచారు. ఆ చొక్కా మళ్లీ నా చేతికి వచ్చేసరికి జేబు చిరిగిపోయి ఉంది. పాతికేళ్లయినా మర్చిపోలేదు. చెప్పకుండానే రావాలి, నెలనెలా రావాలి.

మూడు లాంతర్లు
చోళ్లంటే తప్పెలా అవుతుందండీ? మా ఇంట్లో ఇప్పటికీ చోడంబలే.

జీడితోట
రేపు పరీక్షలో రాగులు అనే రాయాలి కదా. చెప్పడంలో తప్పేముంది?

పంతులు బండి
నేను వేరే మండలంలో ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. చెప్పకుండా రావడానికి నాకే అభ్యంతరం లేదు. కానీ వచ్చినవాళ్లు పాఠం చూడాలి. నా పదకొండేళ్ల సర్వీసులో ఒక్క అధికారి కూడా నా పాఠం మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వినలేదు. హాజరు, గుడ్ల లెక్క, బియ్యం నిల్వ చూస్తారు, సంతకం పెట్టి వెళ్లిపోతారు. మరుగుదొడ్డి ఫోటో యాప్‌లో ఎక్కించడం ఒక రోజు ఆలస్యమైందని నాకు మెమో వచ్చింది. ఆ రోజు మా బడి చుట్టుపక్కల సిగ్నలే లేదు. సంజాయిషీ రాసి ఇచ్చాను, అది చదివినవాళ్లు లేరు.

ఒకే టీచరున్న బడికి ఎవరొచ్చినా రెండు గంటల పాఠం పోతుంది. విద్యా హక్కు చట్టం చూడండి, అరవై మంది లోపున్న బడికి కూడా ఇద్దరు టీచర్లుండాలి. ఆ రెండో టీచరు ఏరని తనిఖీ పుస్తకంలో ఎవరైనా రాశారా?

జీడితోట
విషయం రాగులు, చోళ్లు. దాన్ని వదిలేసి చట్టాలెందుకు?

గంటస్తంభం
రిటైరైన హెడ్మాస్టర్ని. రాగులు, చోళ్లు చిన్న విషయం అనుకోకు బాబూ. 1907లో ఈ ప్రాంతానికి యేట్స్ అనే ఇంగ్లీషాయన స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి ఎందుకయ్యాయని అడిగాడు. ఆ ప్రశ్న మన విజయనగరంలో ఉన్న గురజాడ వారి దగ్గరికి, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వారి దగ్గరికి వెళ్లింది. వాడుక భాష ఉద్యమం అలా ఊపందుకుంది. జనం మాట విని, అది పుస్తకంలో ఎందుకు లేదని అడిగిన ఇన్‌స్పెక్టరు ఆయన. ఇప్పుడొచ్చినాయన కూడా "మీ ఇంట్లో చోళ్లంటారా? పుస్తకంలో రాగులంటారు, రెండూ ఒకటే" అని ఉంటే ఆ పిల్లాడికి రెండు మాటలు వచ్చేవి. ఇప్పుడు ఉన్న ఒక్కటీ పలకడానికి భయపడతాడు.

మూడు లాంతర్లు
మాస్టారూ, బాగా చెప్పారు.

గెడ్డ అవతల
మాస్టారూ, మీరంటే గౌరవమే. కానీ 1907 సంగతి నాకెందుకు? నా కూతురు గట్టు అన్న చెప్పిన ఆ బడిలోనే నాలుగో తరగతి. నాన్నమ్మ దగ్గర ఊళ్లో ఉంటుంది, మేమిద్దరం హైదరాబాదులో టైల్స్ పని. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో తెలుగు పుస్తకం తీసి చదవమన్నాను. "వర్షం" అన్న మాట దగ్గర ఆగిపోయింది. "వ" అంది, తర్వాతి అక్షరం మీద వేలు పెట్టి నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. లెక్కల్లాంటి మిగతా పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లీషు. రెండూ రావు. నాలుగేళ్ల నుంచి ఆ బడికి ఎంతమంది వచ్చి సంతకాలు పెట్టారు? ఒక్కరికైనా కనబడలేదా?

పంతులు బండి
మీ బాధ అర్థమైంది. ఐదు తరగతులు, 17 మంది, ఒక్క టీచరు. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి పాప దగ్గరికి వెళ్లేది ఎప్పుడు?

గెడ్డ అవతల
మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు మాస్టారూ?

పంతులు బండి
టౌనులో, ప్రైవేటు బడిలో. దాచేదేం లేదు. నేను ఉండేది అక్కడే. నా పిల్లల సంగతికీ దీనికీ సంబంధం లేదు.

గెడ్డ అవతల
సంబంధం అదే. మీ పిల్లలు ఆ బెంచీ మీద కూర్చుని ఉంటే రెండో టీచరు కోసం మీరే రోడ్డెక్కేవారు.

పంతులు బండి
పిల్లని ముసలావిడకి వదిలేసి వెళ్లిన మనిషి నాకు బాధ్యత నేర్పక్కర్లేదు.

జీడితోట
ఆ మాట వద్దు మాస్టారూ.

గెడ్డ అవతల
వదిలేసి వెళ్లానా? ఊళ్లో పనుంటే రాత్రి జనరల్ బోగీలో నిలబడి ఎందుకు వెళ్తాను? కొంచెం ఆలోచించి మాట్లాడండి.

నిర్వాహకులు
ఇళ్ల సంగతులు తీయొద్దు. ఇంకొక్క మాట వస్తే చర్చ ఆపేస్తాం.

ఆయమ్మ కూతురు
పొద్దుటి నుంచి చదువుతున్నాను. చోళ్లు, రాగులు, మాస్టారి పిల్లలు, అన్నీ మాట్లాడారు. 11.2 రాసి ఉన్న పాప అసలు బరువు 10.4 అని గట్టు అన్న మొదటే రాశారు. ఒక్కరు కూడా ఆ పాప గురించి అడగలేదు.

మూడేళ్లు నిండిన ఆడపిల్ల 10.8 కిలోల కంటే తక్కువుంటే తక్కువ బరువు కింద లెక్క. 11.2 అని రాస్తే పిల్లల ఎదుగుదల చార్టులో ఆకుపచ్చలో పడుతుంది. 10.4 అయితే పసుపు. పసుపులో పడితే ఆ పాపని ఎక్కువసార్లు చూడాలి, ఇంటికెళ్లి తల్లితో మాట్లాడాలి, ఆసుపత్రికి పంపాలి. ఆ ఎనిమిది వందల గ్రాముల వల్ల అవేవీ జరగలేదు.

ఎందుకలా రాస్తారో నాకు తెలుసు. మా అమ్మ వేరే ఊళ్లో అంగన్వాడీ ఆయా, పుస్తకాలు రాయడంలో వాళ్ల టీచరుకి సాయం చేస్తుంది. ఒకసారి ఉన్న బరువులు ఉన్నట్టే రాశారు. మీటింగులో అందరి ముందు వాళ్ల టీచరుని నిలబెట్టి "నీ సెంటర్లోనే ఇంతమంది ఎందుకున్నారు" అని నిలదీశారు. మరుసటి నెల నుంచి పాత బరువుకి రెండు వందల గ్రాములు కలిపి రాయడం మొదలైంది. అమ్మ అది రాసేటప్పుడు నాతో మాట్లాడదు.

ముందు చెప్పి వస్తారా, చెప్పకుండా వస్తారా అన్నది కాదు ప్రశ్న. నిజం రాసినామెని తిడతారా, రెండు రోజులు ఆమె పక్కన కూర్చుని పని చేయిస్తారా? అది తేలకపోతే ఎలా వచ్చినా ఒకటే.

గంటస్తంభం
అమ్మా, నీ మాట ముందే రావలసింది. ఆ పాప గురించి నేనూ అడగలేదు.

వేగావతి గట్టు
తల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇప్పుడు నేనూ ఒక నిజం చెప్పాలి.

ఒక రోజు ముందు చెప్పాలని ఎందుకన్నానంటే, మా 17 మందిలో ఇద్దరు పేరుకే ఉన్నారు. పొద్దున్నే ప్రైవేటు బడి బస్సెక్కి వెళ్లిపోతారు. ముందు తెలిస్తే ఆ ఇద్దరినీ ఆ రోజుకి ఆపి కూర్చోబెట్టేవాళ్లం. కమిటీలో అందరికీ తెలుసు. లెక్క తగ్గితే బడి ఎత్తేస్తారని భయం. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు పక్కూరి బడిలో ఏం మిగిలిందో చూశాం. ఆ జీవో తర్వాత తీసేశారు గానీ, వెళ్లిన పిల్లలు తిరిగి రాలేదు.

గెడ్డ అవతల
అన్నా, ఇంతసేపూ నీతో కాదా నేను గొడవ పడాల్సింది?

ఎత్తేస్తే ఎత్తేయనీ. గెడ్డ అవతల రెండున్నర కిలోమీటర్లలో మోడల్ ప్రైమరీ స్కూల్ ఉంది. తరగతికొక టీచరు. నా కూతురికి "వర్షం" చదవడం వస్తే చాలు, ఊళ్లో బడి గోడ నిలబడి నాకేం లాభం?

వేగావతి గట్టు
ఆగస్టులో ఆ గెడ్డ ఎలా ఉంటుందో నీకు తెలుసు కదరా. పెద్దాళ్లే పంచె ఎత్తుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దాటతారు. ఐదేళ్ల పిల్ల దాటుతుందా? కిలోమీటరు లోపు ప్రాథమిక బడి ఉండాలన్నది ఊరికే పెట్టలేదు. బడి వెళ్లిపోతే ముందు మానేసేది ఆడపిల్లలే, అది కూడా నాన్నమ్మల దగ్గరున్నవాళ్లే. నీ కూతురు లాంటివాళ్లే.

గెడ్డ అవతల
ఉన్న బడిలో చదువు రావట్లేదు కదా. అది మానేసినట్టు కాదా?

పంతులు బండి
ఇందాక అన్నదానికి క్షమించండి. కోపంలో అన్నాను, అనకూడని మాట.

మీ ఇద్దరిలో ఎవరిది తప్పో నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం తెలుసు. లేని ఇద్దరిని చూపించి బడిని నిలబెడితే, ఉన్న 15 మందికి రెండో టీచరుని అడిగే నోరు ఉండదు. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టంలో ఉంది. ఆ తనిఖీ పుస్తకం మీరే తెరిచి, కమిటీలో గట్టిగా చదవండి. చోళ్ల మాట పక్కన మీ జవాబు కూడా రాయండి.

ఆయమ్మ కూతురు
పాప సంగతి?

వేగావతి గట్టు
నిన్న పీహెచ్‌సీకి తీసుకెళ్లాం. అక్కడి కాటా మీద కూడా 10.4. తల్లి చెన్నైలో ఇటుక పనిలో ఉంది, ఫోన్ చేసి చెప్పాం. ఫోన్‌లోనే ఏడ్చింది. అంగన్వాడీ టీచరమ్మ పుస్తకంలో 11.2 కొట్టేసి పక్కన 10.4 వేసి సంతకం పెట్టింది. ఎవరూ ఏమీ అనకుండా నేను పక్కనే నిలబడ్డాను.

ఆ ఇద్దరి పేర్ల గురించి శుక్రవారం కమిటీ పెడుతున్నాం. తీసేయాలని నేను అంటాను. ఒప్పుకుంటారో లేదో.

గెడ్డ అవతల
పేర్లు తీస్తే నేను నీ వెనకే ఉంటాను. బడి నిలబెట్టే విషయంలో మాత్రం నీతో కలవలేను. గెడ్డ మీద కల్వర్టు పడిన రోజు మా పాపని అటే పంపుతాను.

శనివారం రాత్రి బండెక్కుతున్నాను అన్నా. ఆదివారం ఆ విజిటర్స్ పుస్తకం నాకూ చూపించు.