నాన్నకి ఎమ్మారైలో డిస్క్ జారిందన్నారు. ఆపరేషనేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అంబాజీపేట అబ్బాయి:
అందరికీ నమస్కారం అండి. మా నాన్నకి 56 ఏళ్లు. ముప్పై ఏళ్లుగా కొబ్బరి దింపు పని. ఐదు వారాల కిందట చెట్టు దిగి, కాయలు గంపకెత్తుతుంటే నడుం పట్టేసింది. మామూలు పట్టే అనుకున్నాం. మూడో రోజుకి నొప్పి ఎడమ పిర్రలోంచి పిక్క దాకా దిగి కాలంతా లాగేయడం మొదలెట్టింది. టౌన్లో చూపిస్తే ఎమ్మారై తీయించారు. ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది పూసల మధ్య, డిస్క్ బయటికొచ్చి నరాన్ని నొక్కుతోందట, ఇంకో రెండు చోట్ల అరుగుదలట. ఆపరేషన్ చేయించుకుంటే మంచిదన్నారు, ఆలోచించుకుని రమ్మన్నారు.

ఆ రిపోర్టు విన్న రోజు నుంచి నాన్న మంచం దిగడం లేదు. అంతకుముందు కుంటుకుంటూనైనా పశువుల పాక దాకా వెళ్లొచ్చేవాడు. ఇప్పుడు కదిలితే డిస్క్ ఇంకా జారిపోతుందేమోనని భయం. అమ్మ మంచినీళ్లు కూడా చేతికందిస్తోంది. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఫోన్లోనే అంతా. ఏం చేయమంటారు?

భీమవరం ఫిజియో:
ముందు ఇవి కనుక్కుని చెప్పండి. మూత్రం ఆగిపోవడం గానీ, తెలియకుండా పోవడం గానీ ఉందా? తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారిందా? ఎడమ పాదం, బొటనవేలు పైకి ఎత్తగలుగుతున్నారా? జ్వరం ఉందా, బరువు తగ్గారా? వీటిలో మొదటి రెండిట్లో ఏది ఉన్నా ఇక్కడ రాస్తూ కూర్చోకండి, ఇవాళ రాత్రికే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. నరాల కట్ట మొత్తం నలిగితే గంటలు కూడా లెక్కే.

అంబాజీపేట అబ్బాయి:
ఇప్పుడే వీడియో కాల్‌లో చూశానండి. మూత్రం బానే ఉంది. మొద్దుబారడం లేదు, పిక్క పక్కన కొంచెం తిమ్మిరి అంతే. వేలు ఎత్తి చూపించాడు. జ్వరం లేదు.

గట్టుమీద పెద్దాయన:
ఆయ్. మా కాలంలో ఎమ్మారై లేదు ఏం లేదు. నడుం పట్టేత్తే ఎదురుకాళ్లతో పుట్టినోడిని పిలిచి తన్నించుకునేవోళ్లం. మా ఊళ్లో ఒకడుండేవోడు, ఊడ్పుల కాలంలో ఆడి ఇంటి ముందు వరసే. కొబ్బరికాయో, చుట్టలో చేతిలో పెడితే మూడు తన్నులు తన్నేవోడు. నాకు రెండుసార్లు తగ్గింది బాబూ, అబద్ధం ఎందుకు.

భీమవరం ఫిజియో:
తగ్గే ఉంటుంది పెద్దాయనా. మామూలు నడుం పట్టు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. తన్నిన వారంలో తగ్గితే పేరు తన్నినవాడికి, మా దగ్గరికొచ్చిన వారంలో తగ్గితే పేరు మాకు. కాకపోతే కాల్లోకి నొప్పి దిగిన మనిషిని మాత్రం తన్నించకండి, దండం పెడతాను.

ఇక తమ్ముడూ, ఆ రిపోర్టు సంగతి. 2015లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అసలు నడుం నొప్పే లేని 3,110 మంది స్కానులు కలిపి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతానికి డిస్క్ అరుగుదల కనిపించింది. యాభై ఏళ్లవాళ్లలో అరుగుదల 80 శాతం, డిస్క్ ఉబ్బు 60 శాతం. మళ్లీ చెబుతున్నా, వీళ్లెవరికీ నొప్పి లేదు. కాబట్టి మీ నాన్నగారి రిపోర్టులో 'ఇంకో రెండు చోట్ల అరుగుదల' అన్న మాటని తలనెరుపు లెక్కన తీసుకోండి. ఎల్4-ఎల్5 మాట వేరు. కాలి నొప్పి దాంతో సరిపోలుతోంది కాబట్టి అది నిజంగానే నరాన్ని ఇబ్బంది పెడుతూ ఉండొచ్చు, దాన్ని కొట్టిపారేయను.

కానీ బయటికొచ్చిన డిస్క్ అక్కడే రాయిలా ఉండిపోతుందనుకోవద్దు. మన ఒంట్లోని రక్షక కణాలే దాన్ని కొద్దికొద్దిగా తినేస్తాయి. ఇది 2015లోనే వచ్చిన ఇంకో సమీక్ష: కొంచెం పొడుచుకొచ్చినవి 41 శాతం, పగిలి బాగా బయటికొచ్చినవి 70 శాతం, ఏకంగా ముక్క తెగిపడినవి 96 శాతం వాటంతటవే తగ్గాయట. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, పెద్ద ముక్కనే ఒళ్లు పరాయిదని గుర్తుపట్టి త్వరగా కరిగిస్తుంది.

తణుకు 47:
అంతా బానే ఉంది గానీ, కాలు మంటలో పెట్టినట్టుంటే 'కరుగుతుంది ఆగు' అని చెప్పడం తేలిక. నేను రెండున్నర నెలలు ఆగాను. రాత్రుళ్లు కుర్చీలో కూర్చుని తెల్లారబెట్టేవాణ్ణి. చివరికి ఆపరేషన్ చేయించుకున్నా. మత్తు దిగేసరికి కాలి నొప్పి లేదు. నడుం మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ పలకరిస్తుంది, అది వేరే సంగతి. ఆపరేషన్ అంటే చచ్చిపోతారన్నట్టు భయపెట్టకండి జనాన్ని.

భీమవరం ఫిజియో:
మీరన్నది నూటికి నూరు పాళ్లూ నిజం. 2007లో నెదర్లాండ్స్ వాళ్లు ఇదే పరీక్షించారు. కాలి నొప్పి తీవ్రంగా ఉండి 6 నుంచి 12 వారాలు గడిచిన 283 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వెంటనే ఆపరేషన్, రెండో జట్టుకి ఆగి చూద్దాం, తప్పకపోతే అప్పుడు చేద్దాం అని. ఆపరేషన్ జట్టు సగటున 4 వారాల్లో కోలుకుంటే, ఆగినవాళ్లకి 12 వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం కోలుకున్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు కూడా, మీలాగే. అంటే ఆపరేషన్‌తో త్వరగా తెరిపి దొరుకుతుంది. నొప్పి భరించగలిగి, కాల్లో బలం తగ్గకుండా ఉంటే ఆగినా నష్టం లేదు. భరించేది ఆయన కాబట్టి ఎంచుకోవాల్సిందీ ఆయనే.

ఊడ్పుల కోడలు:
నడుం నొప్పంటే ఎక్కడ చూసినా నడవమంటున్నారు కదా, నాదొక ప్రశ్న. మా అత్తగారు సార్వాకీ దాళ్వాకీ ఊడ్పులకెళ్లే మనిషి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బురదలో వంగి వెనక్కి నడుస్తుంది. ఆవిణ్ణి డాక్టరు గారు 'రోజూ వాకింగ్ చేయండమ్మా' అన్నారు. ఆవిడ బయటికొచ్చి నవ్విన నవ్వు నేనింకా మర్చిపోలేదు. ఈ పరిశోధనలన్నీ కుర్చీల్లో కూర్చునేవాళ్ల కోసమేనా?

భీమవరం ఫిజియో:
గట్టి దెబ్బే కొట్టారమ్మా. నడక మీద ఈ మధ్య అందరూ చెప్పేది 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరీక్ష. 701 మంది. నడుం నొప్పి వచ్చి తగ్గినవాళ్లు. సగం మందికి ఫిజియో దగ్గరుండి నడక నేర్పుతూ, మెల్లగా పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట దాకా తీసుకెళ్లారు. మిగతావాళ్లకి ఏమీ చెప్పలేదు. నడిచినవాళ్లకి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావాళ్లకి 112. బాగానే పనిచేసింది. కానీ అందులో మీ అత్తగారూ లేరు, ఈ తమ్ముడి నాన్నగారూ లేరు. కాల్లోకి దిగిన డిస్క్ నొప్పుల మీద చేసింది కాదది, తగ్గిన నొప్పి మళ్లీ రాకుండా ఉంటుందా అని చూసింది. మీ అత్తగారికి కావాల్సింది ఇంకొంచెం కదలిక కాదు, మధ్యమధ్యలో నడుం నిటారు చేసే వీలు, వరసగా ఇన్ని రోజులు వంగకుండా ఉండే వీలు. అది నా చేతుల్లో లేదు, ముఠా మేస్త్రి చేతుల్లో ఉంది.

ఊడ్పుల కోడలు:
ఆ మేస్త్రి మా పెదమావగారేనండి. చదివి వినిపిస్తా.

కాకినాడ తమ్ముడు:
నేనొకటి చెప్పాలి, దయచేసి ఎవరూ దాటేయకండి. మా అన్నయ్యకి వీపు మధ్యలో నొప్పి. ఒక చోట కండరాలన్నారు, ఇంకో చోట గ్యాస్ అన్నారు, బెల్టు కట్టారు, సూదులు వేశారు. ఐదు నెలలు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, మనిషి చిక్కిపోయాడు, బెంగ అనుకున్నాం. రాత్రి పడుకుంటే నొప్పి ఎక్కువయ్యేది. చివరికి తేలింది వెన్నెముక క్షయ. దగ్గు లేదు, కఫం లేదు, టీబీ అని ఎవరికి తడుతుంది? ఏడాది పైన మందులు మింగాడు, ఇప్పుడు బానే ఉన్నాడు గానీ వీపు కొంచెం గూనిగానే ఉండిపోయింది. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చింది, పోగొట్టుకున్నది ఆ ఐదు నెలలే. నడుం నొప్పులన్నీ తొంభై శాతం మామూలివే అంటారు, మా అన్నయ్య ఆ మిగతా పదిలో పడ్డాడు.

లేసు అల్లిక:
మా అబ్బాయి 26 ఏళ్లవాడు. పొద్దున్నే లేచేసరికి నడుం కర్రలా బిగుసుకుపోయి గంట దాకా వదిలేది కాదు, తిరిగితే తగ్గేది, పడుకుంటే పెరిగేది. బండి మీద మా నరసాపురం రోడ్ల గోతుల్లో తిరిగి తిరిగి అనుకున్నాం (ఆ గోతులకి ఎవరి నడుమైనా విరగాల్సిందే లెండి). కీళ్లవాతం డాక్టరు రక్తపరీక్ష, స్కాన్ చేయించి వెన్నెముకకి వచ్చే వాతం అన్నారు. కుర్రాళ్లకి ఇలా ఉంటే డిస్క్ అని వదిలేయకండి.

అంబాజీపేట అబ్బాయి:
అందరికీ చాలా థాంక్సండి. ఇంకో రెండు సందేహాలు. నాన్నకి రాత్రి వేసుకోమని ప్రెగాబాలిన్ అని నరాల నొప్పి బిళ్ల ఇచ్చారు. వేసుకున్నప్పటి నుంచి తూలుతున్నాడు, నొప్పి అలాగే ఉంది. రెండోది, బెల్టు. పడుకున్నప్పుడు కూడా తీయడం లేదు. పైగా చెక్కబల్ల మీదే పడుకోవాలని ఎవరో చెప్పారట, పరుపు తీసేశాడు.

భీమవరం ఫిజియో:
ఆ మందుని కాలి నొప్పి మీద 2017లో పరీక్షించారు, 209 మందితో. ఉత్తుత్తి బిళ్లకంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. అలాగని మీ అంతట మీరు ఠక్కున ఆపేయకండి, రాసిన డాక్టరుతోనే 'తూలుతున్నాడు, గుణం లేదు' అని చెప్పండి, మెల్లగా తగ్గిస్తారు.

బెల్టు విషయంలో, దీర్ఘకాలపు నడుం నొప్పికి బెల్టులూ, ట్రాక్షనూ (నడుముని బరువులతో లాగడం) వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరు మార్గదర్శకాల్లో రాసింది. ఆటో ఎక్కి టౌనుకెళ్లే గంటకి కట్టుకుంటే నేను కాదనను. పడుకుని కట్టుకోవడం దేనికండీ? చెక్కబల్ల మీద స్పెయిన్‌లో 2003లో 313 మందితో చూశారు, అంటే బల్ల కాదు, గట్టి పరుపుకీ మధ్యరకం పరుపుకీ పోటీ. మధ్యరకమే గెలిచింది. ఆయన పరుపు ఆయనకిచ్చేయండి.

అన్నిటికంటే ముందు మంచం దింపండి. నొప్పి పుట్టినా పర్లేదు, కాలి నొప్పి పైకి, అంటే నడుం వైపుకి జరుగుతుంటే మంచిదే. పాదం వైపుకి దిగుతూ పోతుంటే, వేలు ఎత్తలేకపోతే ఆగి ఫోన్ చేయండి.

గట్టుమీద పెద్దాయన:
నడవాలంటే రోడ్డు మీద కాదు బాబూ, ఏటిగట్టు మీద నడిపించు. పొద్దున్నే గాలి బాగుంటాది, పక్కన మాటాడ్డానికి ఎవడో ఒకడు దొరుకుతాడు. మంచాన పడ్డ మగోడికి మందు అదే. కుక్కలుంటాయ్, చేతిలో కర్ర ఉండాలి.

(ఏడు వారాల తర్వాత)

అంబాజీపేట అబ్బాయి:
చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నా. ఇంకో డాక్టరుకి చూపించాం. బలం తగ్గలేదు కాబట్టి ఆరు వారాలు చూద్దాం, తగ్గకపోతే ఆపరేషన్ మాట్లాడుకుందాం అన్నారు. నేను వారం సెలవు పెట్టి వెళ్లాను. మొదటి రోజు నాన్నని వీధి గుమ్మం దాకా నడిపించేసరికి ఇద్దరికీ చెమట పట్టింది. రిపోర్టులోని ఆ అరుగుదల మాట ఆయన బుర్రలోంచి తీయడానికే మూడు రోజులు పట్టింది. చివరికి 'నీ జుట్టు తెల్లబడింది, దానికి నొప్పుందా?' అంటే కాస్త నవ్వాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని గట్టు మీద పాత రేవు దాకా వెళ్లొస్తున్నాడు. పిక్కలో లాగుడు పోయింది, పిర్రలో కొంచెం ఉంది. పొద్దున్న ఎక్కువ, ఎండెక్కేసరికి తక్కువ.

తణుకు 47:
సంతోషం తమ్ముడూ. మరి పని?

అంబాజీపేట అబ్బాయి:
అదేనండి తెగని లెక్క. దింపుకి కుర్రాళ్లు దొరకడం లేదని తోటల వాళ్లు రోజూ ఫోన్లు. ఒలుపుకి కూర్చుంటాను అన్నాడు గానీ, గునపం మీదకి వంగి కాయ కొట్టడం చెట్టు ఎక్కడంకంటే నడుముకి కష్టమని ఫిజియో గారే వద్దన్నారు. ప్రస్తుతానికి ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని, కింద నిలబడి ఏ గెల దింపాలో, ఏది ఇంకా లేతో చెబుతున్నాడు. కూలి సగమే వస్తోంది.

ఊడ్పుల కోడలు:
చెట్టు ఎక్కడం లేదు కదా నిజంగా?

అంబాజీపేట అబ్బాయి:
ఇంకా లేదండి. మొన్న కాళ్లకేసుకునే బంధం బయటికి తీసి దుమ్ము దులుపుతుంటే అమ్మ లాక్కుని అటక మీద పడేసింది. నిచ్చెన వేస్తే గానీ అందదని ఆవిడ ధైర్యం. ముప్పై ఏళ్లు కొబ్బరిచెట్లెక్కిన మనిషికి అటక ఒక లెక్కా అని నేనింకా ఆవిడతో అనలేదు.