లిస్టింగ్ రోజు 42 శాతం పైన మొదలైన షేరు ఇష్యూ ధర కంటే కిందకి ఎందుకు పడింది?

రాయగడ చింతపండు:
అందరికీ నమస్కారం. మాది రాయగడ, చింతపండు, పసుపు హోల్‌సేల్. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాబట్టి ఇంగ్లీషు కాగితాలంటే నాకు కాస్త బెదురు.

రెండు నెలల క్రితం విశాఖలో ఉండే మా బావమరిది ఒక ఐపీఓకి, అంటే కంపెనీ షేర్లు మొదటిసారి జనానికి అమ్మే ఇష్యూకి, నా చేత అప్లై చేయించాడు. కంపెనీ పేరు ఎందుకులెండి. రిటైల్‌లోనే, అంటే మాలాంటి చిన్నవాళ్ల కోటాలోనే, ఉన్న షేర్లకి 30 రెట్లు పైన అప్లికేషన్లు పడ్డాయి. సోమవారం కొట్లో కాటా ముందు కూర్చుని ఉండగా మెసేజ్ వచ్చింది: ఒక లాటు అలాట్ అయింది. 41 షేర్లు, 360 చొప్పున 14,760 రూపాయలు. లాటరీ తగిలినంత సంబరం.

లిస్టింగ్, అంటే షేరు మార్కెట్లో అమ్మకాలు కొనుగోళ్లు మొదలయ్యేది, బుధవారం. బుధవారం వస్తే నేను చాటికోన సంతలో ఉంటాను. అక్కడ ఒక చింతచెట్టు కింద నిలబడితేనే సిగ్నల్. పదింటికి చూస్తే 512! మావాడు "550కి అమ్మకం పెట్టు బావా, గ్రే మార్కెట్ అదే చెబుతోంది" అన్నాడు. గ్రే మార్కెట్ అంటే లిస్టింగ్‌కి ముందే బయట జరిగే బేరాలట. పెట్టాను. 531 దాకా వెళ్లి ఆగింది. నేను బస్తాల గొడవలో పడ్డాను. సాయంత్రం చూస్తే 470. నాలుగు వారాల తర్వాత ఒక్క రోజులోనే బాగా దిగింది. ఇవాళ 318.

కంపెనీ గురించి చెడ్డ వార్త ఒక్కటీ లేదు. మరి అన్ని రెట్లు ఎగబడిన జనం ఏమయ్యారు?

జయపురం కుర్రాడు:
నేనూ మీ బాపతే అన్నా. సమాధానం కోసం కాచుకుని కూర్చున్నా.

బరంపురం మాజీ బ్యాంకు:
ఎగబడిన జనంలో చాలామంది మీలాగే మొదటి రోజే అమ్మేద్దామని వచ్చినవాళ్లు బాబూ. 30 రెట్లు అంటే 30 రెట్ల నమ్మకం అనుకోకండి. డబ్బు ఖాతాలోనే బ్లాక్ అవుతుంది, 2023 డిసెంబర్ నుంచి ఇష్యూ ముగిసిన మూడు పనిదినాల్లో లిస్టింగ్. రాకపోతే పోయేదేం లేదని ఇంట్లో నలుగురి పేర్లతోనూ వేస్తారు. గ్రే మార్కెట్ సంగతి చెప్పనక్కర్లేదు. దానికి సెబీ (షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సంస్థ) లేదు, రసీదు లేదు.

మీరు చింతపండు వ్యాపారి కదా, ఇలా చూడండి. సంతకి మూడు బస్తాలే దిగిన వారం ధర ఎలా ఉంటుంది? గోదాములు తెరిచిన వారం ఎలా ఉంటుంది? పండు అదే. లిస్టింగ్ రోజు బజారులో ఉన్నది కొద్ది సరుకే. యాంకర్ ఇన్వెస్టర్లకి, అంటే ఇష్యూకి ముందే పెద్ద మొత్తంలో తీసుకునే ఫండ్లకి, సగం షేర్లు అలాట్‌మెంట్ నుంచి 30 రోజులు, మిగతా సగం 90 రోజులు లాక్, అంటే అప్పటిదాకా అమ్మకూడదు. ప్రమోటర్లు (కంపెనీని నడిపే యజమానులు) కాని పాత వాటాదార్లకి మామూలుగా ఆరు నెలలు. మీకు సోమవారం అలాట్ అయింది. 30 లెక్కపెట్టండి, బుధవారం వస్తుంది. మీరు మళ్లీ సంతలోనే ఉండి ఉంటారు.

జొమాటో చూడండి. 2021 జులైలో 76కి ఇచ్చారు, 116 దగ్గర మొదలైంది. అప్పుడు పాతవాళ్లకి లాక్ ఏడాది. అది తీరాక మార్కెట్ తెరిచిన మొదటి రోజు, 2022 జులై 25న, 11 శాతానికి పైగా పడింది. 2024లో మళ్లీ 250 దాటిందనుకోండి, అది వేరే కథ.

రెండోది ధర. పేటీఎం 2,150కి వచ్చి తొలిరోజే 27 శాతం పోగొట్టుకుంది. నష్టాల్లో ఉన్న కంపెనీకి అంత ధర కట్టారు, కొన్నవాడికి లాభం మిగల్చలేదు. మూడోది గాలి. ఎల్ఐసీ 2022 మేలో 949కి వచ్చి ఎన్ఎస్ఈలో 872 దగ్గర మొదలైంది. అప్పుడు యుద్ధం, వడ్డీల పెంపు, మార్కెట్టే నీరసంగా ఉంది. 2008 జనవరిలో నేనూ ఒక ఇష్యూకి బ్రాంచిలో లైనులో నిలబడ్డాను. షేర్లు చేతికొచ్చేసరికి సెన్సెక్స్ కుప్పకూలింది. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

మీ ఇష్యూలో డబ్బు కంపెనీకి వెళ్లిందా, అమ్ముకున్న పాతవాళ్ల జేబులోకా? ఇష్యూ వివరాలిచ్చే పుస్తకం, ప్రాస్పెక్టస్‌లో, మొదటి పేజీలోనే ఉంటుంది, చూసి చెప్పండి.

రాయగడ చింతపండు:
మా అమ్మాయి చేత చదివించాను మాస్టారూ. మొత్తం ఆఫర్ ఫర్ సేలే. అంటే అంతా పాతవాళ్లు అమ్ముకున్నదే, కంపెనీకి రూపాయి రాలేదు! 30వ రోజు బుధవారమే, బాగా పడింది కూడా ఆ రోజే.

పర్లాకిమిడి టీచర్:
ఒక్కమాట, మాస్టారు గారికి అడ్డం వస్తున్నందుకు క్షమించాలి. పాతవాళ్లు అమ్ముకుంటున్నారు కాబట్టి చెడ్డ ఇష్యూ అనేయలేం. టాటా టెక్నాలజీస్ 2023 నవంబర్‌లో మొత్తం ఆఫర్ ఫర్ సేలే. 500కి ఇచ్చింది 1,200 దగ్గర మొదలైంది. హ్యుందాయ్ 2024 అక్టోబర్‌లో 1,960కి వచ్చి ఎన్ఎస్ఈలో 1,934 దగ్గర చప్పగా మొదలైంది, అదీ పూర్తిగా ఆఫర్ ఫర్ సేలే. ఏడాది తిరక్కుండా 2,000 దాటింది. నేనైతే ఆ రంగంలో ఇప్పటికే లిస్టయిన కంపెనీల పీఈ (షేరు ధర ఒక్కో షేరు మీద వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లు అన్న లెక్క) పక్కన దీని పీఈ పెట్టి చూస్తాను. ప్రాస్పెక్టస్‌లో ఆ పట్టిక ఉంటుంది. అది చూడకుండా 41 షేర్ల గురించి ఏమీ చెప్పలేనండి.

బరంపురం మాజీ బ్యాంకు:
ఒప్పుకుంటున్నానమ్మా. అది నేనే ముందు చెప్పాల్సింది.

రాయగడ చింతపండు:
పట్టిక దొరికింది టీచరమ్మా. మిగతా మూడు కంపెనీల పీఈ 30 లోపు, దీనిది 58. 512 దగ్గర చూసి ఉంటే 80 దాటేది. మా బావమరిదికి ఫొటో తీసి పంపితే "సాయంత్రం మాట్లాడదాం" అన్నాడు.

20 షేర్లు 318కే అమ్మేశాను. మిగతా 21 ఉంచాను. 90వ రోజు ఆదివారం పడింది, అంటే గోదాము తెరిచేది సోమవారం. ఆ రోజు సంత లేదు, కొట్లోనే ఉంటాను.